గరిట ఒక్కసారే అడుగుతుంది

సమీక్షా కమిటీ వారికి,

తాత్కాలిక అధ్యాపకులు తరగతి అయిన ప్రతిసారీ బోధనానుభవ లాగ్ రాయాలనీ, అది చూసే ఉద్యోగం ఖాయం చేస్తారనీ మీ నిబంధన. నాలుగేళ్లుగా రాస్తున్నాను. రెండో ఏడాది లాగ్ మధ్యలో, ఊరికే చూద్దామని, చారు పెట్టే పద్ధతి పోపుతో సహా రాసి పంపాను. "సంతృప్తికరం" అని ముద్ర కొట్టి పంపారు. మీరు చదవరని దాంతో తేలిపోయింది కాబట్టి ఈ ఏడాది నిజాలే రాస్తాను.

గుడిమెట్ల సువర్చల,
ఆహార వ్యవస్థలు, ప్రయోగాత్మక అర్థశాస్త్రం.
(విభాగంలో నేనొక్కదాన్నే. విభాగాధిపతిని కూడా నేనే. మీటింగులు త్వరగా అయిపోతాయి.)

రోజు 128

ఈసారి తొమ్మిది మంది చేరారు. పోయినసారి ఆరుగురే. పాఠం మీద ప్రేమ అనుకునేరు, మా తరగతి మెస్‌లో జరుగుతుందని తెలిసి వచ్చారు. విభాగానికి గది లేదు. ఈ ఎర్రగ్రహం మీది మన ఊరు నీలిగట్టు అంతా సొరంగాలే, గదులన్నీ ఆక్సిజన్ వాళ్లకీ నీళ్లవాళ్లకీ పోగా మాకు మెస్ మిగిలింది. అదీ పొద్దుటి పూట ఖాళీగా ఉన్న రెండు గంటలే. తిండి గురించి చెప్పేదాన్ని కాబట్టి నాకిదే నయం. తలెత్తితే గరిట కనబడుతుంది.

గరిట అంటే మెస్ కప్పు కింద పట్టాల మీద తిరుగుతూ వడ్డించే యంత్రం. దానికి కాగితాల మీద ఏదో పొడవాటి పేరుంది, ఎవరికీ గుర్తులేదు. నిరుటి దాకా అందరికీ రెండేసి గరిటెలు వేసి పోయేది. ఈ ఏడాది మొదట్లో అంచనాల విభాగం వారు దాన్ని సంస్కరించారు. ఇప్పుడు ఒక గరిటె వేసి, ఆగి, చాలా మర్యాదగా "ఇంకా కావాలా?" అని అడుగుతుంది. అవునంటే వేస్తుంది. చాలంటే రాసుకుని ముందుకు పోతుంది. చాలన్నవాళ్లకి మరుసటి వారం మొదటి గరిటె కూడా కాస్త తగ్గించి వేస్తుంది. "మనిషి మాటకు గౌరవం" అని మెస్ గోడ మీద నీలిరంగులో రాయించారు.

మొదటి పాఠంలో నేను దీన్నే మంచి ఉదాహరణగా చెప్పాను. ఎవరికెంత కావాలో వాళ్ల నోటితోనే తెలుసుకునే వ్యవస్థ కన్నా మెరుగైనది ఇంకేముంటుంది అని చెయ్యి ఊపుతూ చెబుతుండగా నా కడుపు అరిచింది. సొరంగం కదా, చివరిదాకా వినబడింది. తొమ్మిది మందీ ఒక్కసారిగా కప్పు వంక చూడ్డం మొదలుపెట్టారు. మంచి పెంపకంలో పెరిగిన పిల్లలు.

రోజు 131

పొద్దున్నే నోటీసు వచ్చింది. ఊరి మొత్తం ఆహార అవసరం ముప్ఫై ఒక్క శాతం తగ్గిందట. కాబట్టి మూడో మడి ఇక అక్కర్లేదట, 170వ రోజున దాని దీపాలు ఆపేసి ఆ సొరంగాన్ని మంచు దిమ్మలు పెట్టుకోడానికి వాడుకుంటారట. కింద సంతకం దామెర్ల శశిభూషణ్, అంచనాల విభాగం.

నేను ఆరోజు పాఠం మానేసి పిల్లల్ని మూడో మడికి తీసుకెళ్లాను. అక్కడ వరి పండించేది ఎర్రంశెట్టి సత్తెయ్యగారు. అరవై దాటాయి. గుమ్మం దగ్గరే మా అందరి చేత బూట్లు విప్పించాడు. నీలిగట్టులో వట్టికాళ్లతో నిలబడగలిగే చోటు అదొక్కటే. ఆ మట్టి తవ్వితే దొరికింది కాదు, ఆయన చేసింది. ఎర్రదుమ్ములోంచి విషపు ఉప్పులు కడిగి, మన ఊరి చెత్తంతా కుళ్లబెట్టి కలిపి, వానపాముల్ని పెంచి, ఇరవై రెండేళ్లు కూర్చుని చేశాడు. పిడికెడు తీసి రుబీనా అరచేతిలో పెట్టాడు. రుబీనా నా విద్యార్థుల్లో చురుకైనది, ఎప్పుడూ ఏదో ఒక ప్రశ్న వేస్తుంది. ఆ మట్టి పట్టుకున్నాక మాత్రం ప్రశ్న మరిచి, వేళ్లతో నలిపి వాసన చూసింది.

దీపాలు ఆపితే ఎన్నాళ్లుంటుందని అడిగాను. చలికి తొమ్మిది రోజుల్లో వానపాములు చస్తాయి, ఆపైన అది మళ్లీ దుమ్మే అన్నాడు. ఇంకోసారి చెయ్యాలంటే తనకంత వయసు లేదన్నాడు. గట్టు వెంట గోంగూర ఎర్రకాడలేసుకుని దర్జాగా నిలబడి ఉంది. ఊళ్లో గోంగూర ఉన్నది అక్కడే.

మరి మీరు ఒప్పుకోనని చెప్పలేదా అని రుబీనా అడిగింది. సత్తెయ్యగారు తల గోక్కున్నాడు.

"అడిగారండి. శశిభూషణ్‌గారు సొయంగా వచ్చి అడిగారు, మడి మూసేస్తే మీకేవన్నా అబ్యంతరవా అని. అంత పెద్దాయన గుమ్మంలోకొచ్చి అడిగితే ఉందని ఎలాగంటావండి? మీకెలా వీలైతే అలాగే కానియ్యండన్నాను. ఆయన రాసేసుకుని ఎళ్లిపోయారండి."

"ఆయన ఇంకేం చెయ్యాలి మరి?" అన్నాను, ఒళ్లు మండి.

"ఇంకోసారి అడుగుతారనుకున్నానండి."

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఇరవై రెండేళ్ల మట్టిని మొహమాటానికి ధారపోస్తారా అని పిల్లల ముందే దులిపేశాను. నోరు తెరిచి వద్దని ఒక్క మాట అనడానికి ఏమొచ్చిందండీ అన్నాను. ఆయన తల దించుకుని ఆయ్, ఆయ్ అన్నాడు. వెళ్లేటప్పుడు గోంగూర కట్ట ఇవ్వబోతే, ఎందుకులెండి అన్నాను. ఆయన మళ్లీ చాచాడు. తీసుకున్నాను.

ఆ కట్ట చేతిలో పెట్టుకుని మెస్ దాకా వచ్చాక గానీ, మొదట వద్దని రెండోసారి చాచగానే తీసుకున్నానని నాకు వెలగలేదు. ముప్ఫై ఒక్క శాతం ఎక్కడ పోయిందో అప్పుడు అర్థమైంది.

రోజు 134

ప్రయోగం ఒకటి. చీటీ ఇచ్చి, మెస్ భోజనం తర్వాత ఆకలిగా ఉంటోందా అని అడిగాను. పేరు రాయమన్నాను. అది నా తప్పే. తొమ్మిది మందీ "లేదు" అని రాశారు. ఒకడైతే కింద "మీరు తిన్నారా మేడమ్?" అని కూడా రాశాడు. వాడు ఏసుపాదం, తరగతిలో అందరికన్నా పొడుగు, అందరికన్నా మర్యాదస్థుడు.

పేర్లు లేకుండా మళ్లీ పెట్టాను. ఎనిమిది మంది "ఉంటోంది" అని రాశారు. తొమ్మిదోది దస్తూరీ గుర్తుపడతానని ఎడంచేత్తో రాసినట్టున్నారు, నాకు చదవడం కుదరలేదు.

ఆ చీటీలు పట్టుకుని శశిభూషణ్‌గారి దగ్గరికి వెళ్లాను. దుర్మార్గుడని మనసులో బొమ్మ గీసుకుని వెళ్లాను గానీ మనిషి చాలా నెమ్మది. సన్నగా, చొక్కా మేకుకి తగిలించినట్టుంటాడు. లేచి నిలబడి కుర్చీ చూపించాడు. టీ తాగుతారా అన్నాడు. పర్లేదండీ అన్నాను. ఫ్లాస్కు మూత బిగించి పక్కన పెట్టేశాడు. నాకు ప్రాణం ఉసూరుమంది.

చీటీలన్నీ ఓపిగ్గా చదివాడు. పేరు లేని ఆకలిని ఏ వరుసలో వెయ్యాలండీ అని నిజంగానే బాధపడుతూ అడిగాడు. పెద్దవాళ్లు మనుషుల మనసుల్లో ఏముందో తమకే తెలుసనుకుని ఊరిని పాడుచేసిన రోజులు ఆయన చిన్నప్పుడు చూశాడట. అందుకని మాటను మాటగానే తీసుకోవాలని పెట్టుకున్నాడు. తనకూ గరిట ముప్పావు గరిటే వేస్తోందనీ, తానూ చాలనే అంటున్నాననీ చెప్పాడు. మంచివాడే. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే తిట్టి వచ్చేదాన్ని.

రోజు 141

ప్రయోగం రెండు. మా శాస్త్రంలో ఒక ఉపాయం ఉంది. మనిషిని నీకేం కావాలని అడక్కూడదు, దానికోసం ఏం చేస్తావో చూడాలి. నీలిగట్టులో అందరూ అసహ్యించుకునే పని దుమ్ము ఫిల్టర్లు తోమడం. ఒక్కసారి తోమితే గోళ్లలో ఎరుపు మూడు రోజులుంటుంది. కాబట్టి, ఒక గరిటె పప్పు అదనంగా వేస్తే ఎన్ని నిమిషాలు తోముతారో చీటీలో రాసి మూసిన డబ్బాలో వెయ్యమన్నాను. రాసినంతసేపూ తోమక్కర్లేదు. నేను ఇంకో డబ్బాలోంచి ఒక అంకె తీస్తాను, మీ అంకె దానికన్నా పెద్దదైతే నేను తీసినంతసేపే తోమి పప్పు తీసుకోవచ్చు, చిన్నదైతే తోమడమూ లేదు పప్పూ లేదు. తక్కువ రాస్తే పప్పు పోతుంది, ఎక్కువ రాస్తే నడుం పోతుంది. నిజం రాయడమే సుఖం.

సగటు ఇరవై ఆరు నిమిషాలు వచ్చింది. చాలు చాలని గరిటని పంపించేసే పిల్లలు ఒక్క గరిటె పప్పుకి ఇరవై ఆరు నిమిషాలు ఎర్రదుమ్ములో కూర్చుంటారన్నమాట. ఒక్క చీటీలో మాత్రం యాభై ఐదు అని ఉంది, పక్కన "గోంగూర వేసిందైతే" అని కూడా ఉంది. అది ఎవరిదని పిల్లలు చర్చించుకుంటుంటే నేను బోర్డు తుడుస్తూ నిలబడ్డాను. ప్రయోగం చేసేవాళ్లు ప్రయోగంలో పాల్గొనకూడదని మొదటి పాఠంలో చెప్పింది నేనే. ముప్ఫై రెండు తీశాను. ముప్ఫై రెండు నిమిషాలూ తోమాను.

నివేదిక పంపించాం. అంచనాల విభాగం నుంచి రెండో రోజే జవాబొచ్చింది. విద్యార్థులకు పరిశుభ్రత మీద ఉన్న ఆసక్తి ఎంతో అభినందనీయమట, ఇక మీదట తూర్పు సొరంగం ఫిల్టర్లు మా విభాగానికే అప్పగించారట.

పిల్లలు నావంక చూసిన చూపు గురించి ఏమీ రాయను.

రోజు 149

ఇవాళ ఫిల్టర్లు తోముతూనే పాఠం చెప్పాను. రుబీనా బ్రష్షు పక్కన పడేసి ఒక మాట చెప్పింది. వాళ్ల దాదీ, అంటే నానమ్మ, ఇంటికొచ్చినవాళ్లకి వడ్డించేటప్పుడు మొహం చూడదట, నోటి మాట అసలే వినదట, చేతులు చూస్తుందట. మొదటిసారి వద్దంటే అది పలకరింపు, రెండోసారి వద్దంటే అది పెంపకం, మూడోసారి కూడా వద్దంటే అప్పుడు చేతులు చూడాలని చెబుతుందట.

మిగతా పిల్లలందరూ ఒక్కసారిగా మా ఇంట్లోనూ అంతే, మా ఇంట్లోనూ అంతే అని మొదలుపెట్టారు. ఇరవై ఏళ్లు చదువుకున్నాను, పట్టా కూడా ఉంది, ఇది ఒక్క పుస్తకంలో లేదు. ఊరికి వచ్చిన జబ్బేమిటో మాకప్పుడు స్పష్టమైంది. మనవాళ్లు కొసరి కొసరి వడ్డిస్తే తినే జనం. గరిట కొసరదు. ఒక్కసారి అడిగి, మన మర్యాదని రాసుకుని వెళ్లిపోతోంది.

ఒక పూట, ఒక వరుసకి, గరిట మాటతీరు మార్చి చూసుకోడానికి మాకు అనుమతి ఉంది. వెంటనే ఆదేశం రాసేశాం. రుబీనా రాసింది, నేను సంతకం పెట్టాను. తిరకాసంతా ఆ ఆదేశంలోనే ఉంది. "తినేవారు వద్దనడం మానే వరకు కొసరి వడ్డించు" అని రాశాం.

రోజు 150

మన జనం వద్దనడం మానరు.

ఏసుపాదం మొదటి కుర్చీలో కూర్చున్నాడు. గరిట అన్నం పెట్టి ఇంకొంచెం అంది. వద్దండీ అన్నాడు. వేసింది. వద్దు వద్దన్నాడు. వేసింది. రెండు చేతులూ అడ్డం పెట్టాడు. గరిటకి చేతుల సంగతి మేం చెప్పలేదు, చేతుల మీదే వేసింది. వాడు యంత్రాన్ని కూడా కసురుకోలేని పిల్లాడు. పధ్నాలుగు సార్లు వద్దన్నాడు, పధ్నాలుగు గరిటెలు పడ్డాయి. ఇక్కడ బరువులు తక్కువ కదా, సాంబారు కూడా పడాలా వద్దా అని ఆలోచించుకుంటున్నట్టు నెమ్మదిగా కారుతూ బల్లంతా పాకింది. పక్కవాడు లేచి పారిపోబోతే వడ్డించుకుంటూ వెంటపడింది. రుబీనా తీగ పీకేసరికి ఆ పూట నాలుగు వరుసల అన్నం ఒక్క బల్ల మీదే ఉంది.

మిగతావాళ్లకి గంజి పోశారు. నాకు మెమో ఇచ్చారు. ఇంకొక్క ప్రయోగానికే అనుమతి, అది తప్పిందంటే ఇక మెస్ గడప తొక్కనివ్వరు. మూడో మడికి ఇరవై రోజులుంది.

పిల్లలు నవ్వీ నవ్వీ అలిసిపోయారు. నాకూ నవ్వొచ్చింది. ఆ తర్వాత సత్తెయ్యగారు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. ఆ మట్టి చల్లబడిపోతే దానికి కారణం నేను రాసిన ఒక వాక్యం అవుతుంది.

రోజు 157

తప్పు ఎక్కడుందో ఒక రోజంతా తవ్వాం. రుబీనా దాదీ చెప్పిన మాటలో సగమే విన్నాం. మళ్లీ మళ్లీ అడగాలన్నది విన్నాం, చేతులు చూడాలన్నది వదిలేశాం.

కాబట్టి ఈసారి యంత్రాన్ని పక్కనపెట్టి మనిషి చేత వడ్డన చేయించాం (గరిటని ముట్టుకోలేదు కాబట్టి ఇది అనుమతి లెక్కలోకి రాదు). సత్తెయ్యగారు తన మడి బియ్యంతో వండించి, ఆరు రోజుల పాటు రోజుకొక బల్లకి స్వయంగా వడ్డించాడు. ఆయన కొసరడం చూసి తీరాలి. బతిమాలడు, ఒత్తిడి చెయ్యడు. "ఇంకొక్క ముద్దండి, మా కోసం" అని ఊరుకుంటాడు. ఆ ఊరుకున్న క్షణంలో ఎలాంటివాడైనా లొంగిపోతాడు.

పిల్లలు దూరంగా కూర్చుని రెండు వరుసలు రాశారు. నోరు ఏమంది, చెయ్యి ఏం చేసింది. మొత్తం రెండొందల పన్నెండు సార్లు కొసరాడు. నోరు నూట తొంభై ఎనిమిది సార్లు వద్దంది. చెయ్యి పళ్లెం మీద అడ్డం పడింది మాత్రం అరవై ఒక్కసారే. మిగిలిన నూట ముప్ఫై ఏడు సార్లూ నోరు వద్దంటుంటే చేతులు ఒళ్లో హాయిగా కూర్చున్నాయి. కొన్ని చేతులైతే పళ్లేన్ని కాస్త ముందుకి కూడా జరిపాయి.

అరవై ఒక్కసారీ చెయ్యి అడ్డం పెట్టినవాళ్లకి నిజంగానే కడుపు నిండింది. తర్వాత విడివిడిగా, చెవిలో అడిగి రూఢి చేసుకున్నాం.

గరిటకి కళ్లున్నాయి, ఇన్నాళ్లూ పళ్లేల కొలతకే వాడుతున్నారు. రుబీనా వాటిని చేతుల మీదికి తిప్పింది. కొసరే మాట సత్తెయ్యగారి గొంతుతోనే ఎక్కించాం. ఆదేశం నేను నాలుగుసార్లు చదివి సంతకం పెట్టాను. ఒక్కో గరిటెకి మూడుసార్లకి మించి అడగకు, మూడోసారికీ చెయ్యి అడ్డం పడకపోతే వెయ్యి, పడితే ఆగు.

రోజు 163

ఆఖరి ప్రయోగం. నలభై మంది, రెండు వరుసలు, ఎవరు ఎటన్నది చీటీలు తీసి తేల్చాం. ఎడమ వరుసలో గరిట పాత పద్ధతిలో ఒక్కసారి అడుగుతుంది. కుడి వరుసలో మా పద్ధతి. శశిభూషణ్‌గారిని పరిశీలకుడిగా పిలిచాను. వచ్చాడు. చొక్కా ఇంకాస్త వదులైనట్టు కనబడింది.

పరిశీలకులు తినకూడదు కదండీ అన్నాడు. నేను ఊరుకున్నాను. సత్తెయ్యగారు మాత్రం ఊరికే కూర్చోండి అన్నాడు, ఊరికే పళ్లెం పెట్టించుకోండి అన్నాడు, మా మడి గోంగూర ఆఖరిసారి రుచి చూడండి అన్నాడు. మూడోసారికి కూర్చున్నాడు. ఆ కుర్చీ కుడి వరుస చివర ఖాళీగా ఉంచింది నేనే. ఆయన పళ్లేన్ని మాత్రం లెక్కలో కలపలేదు, ఆ మాత్రం నీతి నాకుంది.

గరిట వచ్చి అన్నం పెట్టింది, గోంగూర పెట్టింది. రెండు నిమిషాల్లో పళ్లెం ఖాళీ అయింది. సత్తెయ్యగారి గొంతుతో ఇంకొక్క ముద్దండి అంది. చాలండీ అన్నాడు శశిభూషణ్‌గారు, గోడ మీది నీలి అక్షరాలంత స్పష్టంగా. గరిట కదల్లేదు. ఆయన ఆశ్చర్యంగా తలెత్తి చూశాడు. రెండోసారి అడిగింది. అబ్బే, చాలు చాలన్నాడు. మూడోసారి అడిగింది. చాలండీ అంటూనే ఉన్నాడు, ఆయన ఎడంచెయ్యి పళ్లేన్ని నాలుగు వేళ్ల మేర ముందుకి జరిపింది.

బల్ల బల్లంతా చూసింది. ఆయన కూడా చూసుకున్నాడు. తన చెయ్యి ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు.

గరిట వేసింది. తిన్నాడు. మళ్లీ వేసింది, మళ్లీ తిన్నాడు. అలా ఐదుసార్లు. ఆరోసారికి చెయ్యి అడ్డం పెట్టాడు, గరిట వెంటనే ముందుకి పోయింది. కళ్లు ఎర్రబడ్డాయి. గోంగూర కాస్త కారంగా ఉందన్నాడు. నావైపు తిరిగాడు.

"నేనొక్కడినే అనుకున్నానండీ. ఊరంతా చాలంటోంది, లెక్కలు నా చేతుల్లోనే ఉన్నాయి కదా, రోజూ చూస్తున్నాను. నాకొక్కడికే నిండటం లేదంటే నాలోనే ఏదో లోపం ఉందనుకున్నాను."

ఇన్నాళ్లూ మనసులో ఈయన్ని ఎన్ని మాటలన్నానో గుర్తొచ్చి సిగ్గేసింది. ఈ ఐదు నెలలూ ఊళ్లో ప్రతివాళ్లూ అదే అనుకుని, కడుపు పట్టుకుని, పక్కవాడి పళ్లెం చూసి నోరు మూసుకున్నారు. నేనూ అంతే. రోజూ ఆకలి మీద పాఠం చెబుతూ నా ఆకలి పైకి చెప్పుకోలేదు. ఆయనకి మంచినీళ్లు ఇచ్చాను.

ఫలితాలు ఇక్కడే రాస్తున్నాను. ఎడమ వరుస మనిషికి సగటున ఒకటింబావు గరిటె తిన్నది, కుడి వరుస రెండున్నర. రెండు వరుసల్లోనూ మెతుకు పారెయ్యలేదు.

రోజు 166

శశిభూషణ్‌గారు నోటీసు తనంతట తనే వెనక్కి తీసుకోడానికి సిద్ధమయ్యాడు. కానీ మడి చూసేవారి సమ్మతి కాగితం ఒకటి ఫైల్లో ఉంది కదా, దాన్ని సవరించాలి, మళ్లీ అడగాలి అన్నాడు. పద్ధతి మనిషి, మారడు. నన్నూ రుబీనానీ సాక్షులుగా తీసుకెళ్లాడు. గుమ్మం దగ్గర ఆయన కూడా బూట్లు విప్పాడు.

మడి ఉంచమంటారా అని అడిగాడు. మీ ఇష్టమండి అన్నాడు సత్తెయ్యగారు. నేను పళ్లు పటపటా కొరికాను. రుబీనా నా మోచెయ్యి పట్టుకుంది. శశిభూషణ్‌గారు కలం జేబులోనే ఉంచుకుని మళ్లీ అడిగాడు. మీకెందుకండి శ్రమ అన్నాడు సత్తెయ్యగారు. శశిభూషణ్‌గారు గట్టు మీద ఆయన పక్కనే, గోంగూర మొక్కల మధ్య కూర్చుని మూడోసారి అడిగాడు.

 సత్తెయ్యగారు వంగి పిడికెడు మట్టి తీసుకున్నాడు, అందులో ఒక వానపాము కదులుతోంది. "ఉంచండి బాబూ," అన్నాడు. "ఇది పోతే నేనుండలేను."

శశిభూషణ్‌గారు అప్పుడు కలం తీశాడు. నాకు కళ్లు చెమర్చాయి, దాచుకోలేదు కూడా.

రోజు 170

దీపాలు ఆపాల్సిన వేళకి తరగతంతా వెళ్లి మడిలో వట్టికాళ్లతో నిలబడ్డాం. వేళ దాటిపోయింది. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఏసుపాదం నా ఎడంపాదం తొక్కాడు, క్షమించమని ఆరుసార్లు అడిగాడు.

మెస్‌లో గరిట ఇప్పుడు అన్ని వరుసల్లోనూ మూడుసార్లు అడుగుతోంది, సత్తెయ్యగారి గొంతుతో. ఆయన సిగ్గుపడి మెస్‌కి రావడం మానేశాడు, ఇంటికే తెప్పించుకుంటున్నాడు. గోడ మీద "మనిషి మాటకు గౌరవం" కింద ఎవరో "చేతికి కూడా" అని రాశారు. దస్తూరీ చూస్తే ఎడంచేత్తో రాసినట్టుంది. తుడిపించమని నన్ను అడిగారు, మరిచిపోయినట్టు నటిస్తున్నాను.

తూర్పు సొరంగం ఫిల్టర్లు మాత్రం ఇంకా మా విభాగానివే.

రోజు 174

ఇది రాయడానికి నాకు మొహం చెల్లడం లేదు, అయినా రాస్తున్నాను.

పొద్దున్న తరగతి మధ్యలో ఫోన్ మోగింది. మీ కమిటీ తరఫున మాట్లాడే యంత్రం. మూడో మడి విషయంలో చేసిన కృషికి నా ఉద్యోగం ఖాయం చెయ్యాలనుకుంటున్నారట. "ఈ పోస్టు మీకు కావాలా?" అని చాలా మర్యాదగా అడిగింది.

నాలుగేళ్ల నుంచి నేను ఎదురుచూస్తున్న ప్రశ్న అది. ఆ ప్రశ్న వస్తే ఏమనాలో అద్దం ముందు చెప్పుకున్న రోజులున్నాయి. తొమ్మిది మంది విద్యార్థులు వింటుండగా, ఊరంతటికీ మొహమాటం గురించి క్లాసు పీకిన ఈ నోటితో, నేనేమన్నానో తెలుసా?

"అబ్బే, ఇప్పుడు దానికేం తొందరండీ. నాకంటే అర్హులు చాలామంది ఉన్నారు."

మీ మాటకు మా గౌరవం అని చెప్పి పెట్టేసింది. నిమిషం తిరక్కుండా కాగితం వచ్చింది. అభ్యర్థి నిరాకరించారు, ఫైలు మూసివేయడమైనది.

సత్తెయ్యగారిని ఆ రోజు గట్టు మీద నేను దులిపిన దులుపుడు మొత్తం నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది. చివరికి రుబీనా, చాలా గౌరవంగానే, అప్పుడు నా చేతులెక్కడున్నాయని అడిగింది. ఒకటి ఫోన్ పట్టుకుని ఉందనీ, రెండోది బల్ల మీద ఖాళీగా ఉందనీ చెప్పాను. అడ్డం పెట్టలేదు కదా మేడమ్ అంది. పెట్టలేదన్నాను. తొమ్మిది మందీ సాక్షి సంతకాలు చేశారు, కాగితం దీనితో జతపరుస్తున్నాను. ఈసారి అందరూ పేర్లు రాశారు.

కమిటీ వారికి నా విన్నపం. ఇంతదాకా చదివి ఉంటే, దయచేసి నన్ను మళ్లీ అడగండి. ఫోన్ వద్దు, మనిషిని పంపండి. టీ ఇస్తాను. మొదటిసారి అడిగితే వద్దంటాను, అది పట్టించుకోకండి. రెండోసారి ఎందుకులెండి శ్రమ అంటాను, కలం జేబులోనే ఉంచుకోండి.

మూడోసారి అడిగేటప్పుడు నా మొహం వంక చూడొద్దు. చేతులు బల్ల మీదే పెట్టుకుని కూర్చుంటాను.